ముడిసరుకు ఎక్కడిది? విశాఖ కొయ్యసామాను చరిత్రలో దంతం, కొమ్ము, పాత టేకు

కొయ్యసామాను చరిత్రను సాధారణంగా ఆకారాల చరిత్రగానో, దాన్ని వాడుకున్న దొరల, జమీందారుల చరిత్రగానో రాస్తారు. కుర్చీ కాళ్ల వంపును బట్టి దశాబ్దాన్నీ, పెట్టె మీది చెక్కడాన్ని బట్టి పనివాడి ఊరినీ గుర్తించే ఆ పద్ధతి వేలంశాలలకూ మ్యూజియాలకూ పనికివస్తుంది. కాని ఆ కుర్చీకి కావలసిన చెక్క ఏ అడవిలో పడింది, పెట్టె మీది తెల్లని పలక ఏ జంతువు దేహం నుంచి వచ్చింది, అవి దొరకని రోజులు వచ్చినప్పుడు పనివాళ్లు దేన్ని ఆశ్రయించారు అన్న ప్రశ్నలు ఆ పద్ధతికి అందవు. విశాఖపట్నం విషయంలో అసలు చరిత్ర ఆ ప్రశ్నల్లోనే ఉంది. వాడి తీసేసిన కలపతో, పారవేసిన సామగ్రితో పర్యావరణానికి హాని తగ్గించే గృహోపకరణాలను రూపొందించాలన్న ఆలోచన ఈనాటిదిగా కనిపించినా, ముడిసరుకును గోరంత కూడా వృథా పోనివ్వని నేర్పు ఈ తీరంలో మూడు శతాబ్దాల నాటిది. అయితే ఆ నేర్పు ఒక్కటే ఏ అడవినీ, ఏ ప్రాణినీ కాపాడలేకపోయిందన్న సంగతిని కూడా ఈ ఊరి చరిత్రే నిరూపిస్తుంది.

తీరం, అడవి, ఓడ

ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్నంలో తన కోఠీని, అంటే సరుకు కొని, నిల్వచేసి, ఓడలకు ఎక్కించే వర్తకస్థావరాన్ని నెలకొల్పింది. ఉత్తరాన భీమునిపట్నంలో డచ్చివారి స్థావరం కూడా ఆ శతాబ్దపుదే. రెండు కంపెనీలనూ ఇక్కడికి రప్పించినవి ప్రధానంగా నూలుబట్టలు, వాటిలోనూ పూలతీగల అద్దకపు బట్టలు. కొయ్యసామాను వాటి నీడలో పెరిగిన చిన్న వ్యాపారం. కోఠీల్లో కాపురమున్న అధికారులకు రాతబల్లలు, వీపు ఆనే కుర్చీలు, సొరుగుల బీరువాలు కావలసి వచ్చాయి. అంతవరకు ద్వారబంధాలు, దూలాలు, రథాలు, పల్లకీలు, మంచాలు చేస్తూ వచ్చిన స్థానిక వడ్రంగులు, దొరలు చూపిన నమూనాలను చూసి ఈ కొత్త ఆకారాలను నేర్చుకున్నారు. వాటి మీది అలంకారానికి మాత్రం అదే తీరంలో బట్టల మీద అద్దుతున్న తీగలను, పూలను తీసుకున్నారు.

ఈ పనికి విశాఖ అనువైన చోటు కావడానికి కారణం దాని భూగోళమే. వెనుక తూర్పు కనుమల అడవులు, ముందు బంగాళాఖాతం ఉన్నాయి. జిట్రేగి లేదా ఇరుగుడు అని పిలిచే రోజ్‌వుడ్, నల్లని ఎబోనీ, టేకు ఈ పనిలో ప్రధానమైన కలపలు. టేకులోను, ఏనుగు దంతంలోను చెప్పుకోదగ్గ భాగం సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న పెగూ నుంచి, అంటే నేటి మయన్మార్ (బర్మా) దక్షిణ ప్రాంతం నుంచి ఓడల మీద వచ్చేది. నల్లని గీతలకు కావలసిన లక్క మాత్రం అడవి సరుకే: మోదుగ వంటి చెట్ల కొమ్మలను పట్టి ఉండే సన్నని పురుగులు స్రవించే జిగురును గోకి, కరిగించి, వడకట్టి లక్కగా చేస్తారు. ఆ విధంగా ఒకే పెట్టెలో స్థానికమైన కలప, సముద్రం దాటివచ్చిన దంతం, కొండల్లోని లక్క కలిసేవి. స్థానికతను ఈనాటి పర్యావరణవాదులు గొప్ప విలువగా చెప్తారు కాని, రేవుపట్నాల పనితనం ఏనాడూ పూర్తిగా స్థానికమైనది కాదు.

1933కు ముందు విశాఖలో పెద్ద ఓడలు ఒడ్డుకు చేరే సౌకర్యం లేదు. అవి దూరంగా లంగరు వేసుకుంటే, అలల మీదుగా సరుకును పడవలు చేరవేసేవి. కోరమాండల్ తీరంలో ఈ పనికి వాడిన మసూలా పడవను మేకులతో కాక కొబ్బరి తాడుతో పలకలను కుట్టి తయారుచేసేవారు. అల తాకిడికి బిగువైన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. పైగా తాడు పాడైనప్పుడు కుట్టు విప్పి, పనికివచ్చే పలకలను ఉంచుకొని, పుచ్చినదాన్ని మాత్రం మార్చి మళ్లీ కుట్టుకునే వీలుండేది. తయారుచేసేటప్పుడే విప్పడానికి వీలు కల్పించడం అన్న సూత్రాన్ని నేటి రూపకల్పన శాస్త్రం కొత్త పాఠంగా బోధిస్తుండగా, ఈ తీరంలోని పడవపనివాళ్లకు అది బతుకుతెరువులో భాగం.

పొదుగు, తాపడం

1756లో విశాఖకు వచ్చిన ఆంగ్ల సైనికాధికారి జాన్ కోర్నీల్, ఇక్కడి అద్దకపు బట్టలతో పాటు పొదుగు పనిని కూడా ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశాడు. అప్పటికే ఆ పని పేరు మోసిందన్నమాట. పొదుగు అంటే గట్టి చెక్కలో పూల ఆకారంలో గాడి తీసి, అదే ఆకారంలో కోసిన దంతపు ముక్కను అందులో అమర్చి, ఉపరితలం సమంగా అయ్యేలా అరగదీయడం. ఆ తరువాత దంతం మీద సన్నని మొనతో రేకుల ఈనెలను, నీడలను గీసి, ఆ గీతల్లోకి కరిగించిన నల్ల లక్కను దించి తుడిచేస్తే, తెల్లని పూవు మీద నల్లని గీత శాశ్వతంగా నిలిచిపోతుంది. ఈ పని చేసినవారు కంసాలి కులస్థులు. బంగారం, ఇత్తడి, ఇనుము, కొయ్య, రాయి అనే అయిదు పనులను పంచుకున్న విశ్వబ్రాహ్మణ సమూహంలో కంసాలి చేతికి నగిషీ గీత, వడ్రంగి చేతికి కొయ్య కూర్పు తెలుసు కనుక, ఈ రెండు విద్యలూ ఒకే వస్తువు మీద కలవడం సహజంగానే జరిగింది.

18వ శతాబ్ది రెండో సగంలో ఈ పద్ధతి పక్కనే మరొకటి బలపడింది. గట్టి చెక్కలో దంతాన్ని అక్కడక్కడ పొదగడానికి బదులు, గంధపు చెక్క వంటి కలపతో లోపలి చట్రాన్ని చేసి, దాని మీద దంతాన్ని పలుచని పలకలుగా కోసి, సన్నని దంతపు చీలలతో బిగించి, మొత్తం ఉపరితలాన్ని కప్పేసేవారు. దీన్ని తాపడం అనవచ్చు. పూలతీగలతో పాటు ఆంగ్ల అచ్చుబొమ్మల్లోని భవనాలు, చెట్లు, మేడలు ఆ పలకల మీద నల్లని గీతల్లో దిగాయి. మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 వరకు పనిచేసిన అలెగ్జాండర్ వించ్ సేకరించిన దంతపు కుర్చీలను 1781 నాటి వేలంలో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి నేటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంతో సహా అనేక సంస్థల్లో ఈ ఊరి పేరుతో పిలిచే అద్దపు బల్లలు, టీ పెట్టెలు, కుట్టుపని పెట్టెలు ఉన్నాయి.

సామగ్రి పొదుపు దృష్టితో చూస్తే తాపడం ఆశ్చర్యం కలిగించే సాంకేతికత. ఖరీదైన పదార్థం కంటికి కనిపించేంత మేరకే ఉంటుంది, బరువు మోసే పనిని వేరే కలప చేస్తుంది. పెద్ద పలకకు చాలని ముక్క అంచు పట్టీ అవుతుంది, పట్టీకి చాలనిది పువ్వు రేకు అవుతుంది, దానికీ చాలనిది చీల అవుతుంది. దంతం కొద్దిగా పగిలినా లక్క గీత ఆ పగులును దాచగలదు. వృథాను తగ్గించే విషయంలో నేటి కార్ఖానా ఏదీ దీన్ని మించదు. అయినప్పటికీ ఈ పొదుపు ఏనుగుల మీద భారాన్ని తగ్గించలేదు. ఒక దంతం నుంచి ఎక్కువ పెట్టెలు తయారయ్యే కొద్దీ పెట్టె ధర ఎక్కువమందికి అందుబాటులోకి వచ్చింది. గవర్నరు ఇంటి కుర్చీల స్థాయి నుంచి మామూలు ఉద్యోగి భార్య కుట్టుపెట్టె దాకా సరుకు విస్తరించింది. పొదుపు గిరాకీని పెంచితే మొత్తం వినియోగం తగ్గదన్న ఆర్థిక సత్యానికి విశాఖ దంతపు పని ఒక చక్కని తార్కాణం.

కొమ్ము, ముళ్లు, చట్టం

19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వచ్చే యంత్రాల సామాను, మారిన అభిరుచి కలిసి పెద్ద బీరువాలకు, కుర్చీలకు గిరాకీని తగ్గించాయి. పనివాళ్లు చిన్న వస్తువుల వైపు మళ్లారు: ఉత్తరాల పెట్టెలు, కాగితం కోసే కత్తులు, చదరంగపు పలకలు, నగల భరిణెలు. సామగ్రి కూడా మారింది. గేదె కొమ్ము, అడవిదున్న కొమ్ము, కణితి కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్లపంది ముళ్లు దంతం పక్కన వచ్చి చేరాయి. వీటిలో ప్రతి పదార్థానికీ దాని స్వభావం ఉంది. గేదె కొమ్ము మన గోరు లాంటి పదార్థంతో తయారవుతుంది కనుక వేడికి మెత్తబడి, అణిచితే పలకగా సాగుతుంది. కణితి కొమ్ము ఎముక కనుక వేడికి లొంగదు, దాన్ని రంపంతో కోసి అతకవలసిందే.

పర్యావరణ దృష్టితో ఈ దశ ప్రత్యేకంగా గమనించదగినది. గేదె కొమ్ము చచ్చిన పశువు నుంచి మిగిలే వస్తువు. కణితి తన కొమ్మును ఏటా రాల్చి కొత్తది పెంచుకుంటుంది. ముళ్లపంది ముల్లు కూడా రాలేదే. సూత్రప్రాయంగా ఈ మూడూ ప్రాణం తీయకుండా దొరికే సరుకులు. కాని రాలిన కొమ్మునూ వేటాడి తెచ్చిన కొమ్మునూ పుర్రెతో సహా చూసినప్పుడు గుర్తుపట్టవచ్చుగాని, పలకలుగా కోసి పెట్టెకు అతికిన తరువాత గుర్తుపట్టే దారి లేదు. దంతం విషయమూ అంతే: తాతల నాటి దంతాన్ని మళ్లీ చెక్కినా, నిన్న చంపిన ఏనుగు దంతాన్ని చెక్కినా పెట్టె ఒకేలా ఉంటుంది.

చట్టం ఈ ఇబ్బందినే ఎదుర్కొన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగును 1977లో అత్యున్నత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోకి చేర్చారు. 1986 సవరణ భారతీయ దంతపు వ్యాపారాన్నీ, 1991 సవరణ ఆఫ్రికా నుంచి దిగుమతి అయిన దంతపు వ్యాపారాన్నీ నిషేధించాయి. అంతర్జాతీయంగా అంతరించిపోతున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 1989లో ఆఫ్రికా ఏనుగును కూడా పూర్తి నిషేధ జాబితాలో చేర్చింది. పాత నిల్వలకు మినహాయింపు ఇస్తే కొత్త దంతం పాతదిగా చెలామణి అవుతుందన్న అనుభవమే ఇంత కఠినమైన నిషేధానికి దారితీసింది. పునర్వినియోగం పేరుతో వచ్చే ఏ వస్తువుకైనా మూలం చెప్పే కాగితం లేకపోతే, ఆ పేరే అక్రమానికి ముసుగు కాగలదన్న పాఠం ఇక్కడ స్పష్టంగా ఉంది. రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని సైటీస్ 2017 జనవరి నుంచి అనుమతి పత్రాల పరిధిలోకి తేవడం కూడా ఈ వరుసలోనిదే. విశాఖ పొదుగు పనికి ఆధారమైన రెండు ప్రధాన పదార్థాలు ఆ విధంగా ఒకటి పూర్తిగా, ఒకటి పాక్షికంగా చట్టం అదుపులోకి వచ్చాయి.

ఓడరేవు, రైలు, ఉక్కు

ఈ లోపల ఊరే మారిపోయింది. 1893లో తూర్పుతీర రైలుమార్గం విశాఖ పక్కనున్న వాల్తేరును చేరింది; 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ కొత్త ఓడరేవును ప్రారంభించాడు. రేవు ముఖద్వారం ఇసుకతో పూడిపోకుండా కాపాడేందుకు ఆనాటి ఇంజనీర్లు కాలం చెల్లిన రెండు ఓడలను సముద్రంలో ముంచి అలలకు అడ్డుకట్టగా వాడారు. అంటే ఆధునిక విశాఖ రేవు పుట్టుకలోనే పాతదాన్ని కొత్త పనికి మలచిన ఉదాహరణ ఉంది. 1941 జూన్‌లో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు, 1948 మార్చిలో అక్కడ తయారైన జల ఉష నౌకను నెహ్రూ జలప్రవేశం చేయించాడు. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించడంతో ఆవలి ఒడ్డుతో రెండు శతాబ్దాలకు పైగా సాగిన రాకపోకలు ఒక్కసారిగా తెగి, రంగూనులో స్థిరపడిన తెలుగువారు వేల సంఖ్యలో తిరిగివచ్చారు. దాంతో టేకు రాక కూడా దెబ్బతిన్నది.

రైలుమార్గాలు పరోక్షంగా మరో కలప నిల్వను తయారుచేశాయి. పట్టాల కింద వేసే స్లీపరు దిమ్మెలకు ఉత్తరాంధ్ర, ఒడిశా అడవుల్లో పెరిగే గుగ్గిలపు చెట్టు, అంటే సాల వృక్షం, బాగా పనికివస్తుంది. ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాల్లో రైల్వేలు కాంక్రీటు స్లీపర్లకు మారినప్పుడు, తీసేసిన కొయ్య దిమ్మెలు వేలానికి వచ్చి గేట్లుగా, తోట బెంచీలుగా, బరువైన బల్లలుగా రెండో జన్మ ఎత్తాయి. వీటి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సాల కలప సహజంగానే గట్టిది కనుక ఎక్కువగా మందు పట్టించకుండా వాడారు. మెత్తని జాతుల దిమ్మెలకు మాత్రం క్రియోసోట్ అనే తారునూనె పట్టించేవారు. అది ఆరోగ్యానికి హానికరం కనుక అలాంటి దిమ్మె ఇంటి లోపలి భోజనపు బల్లకు తగదు.

స్వాతంత్ర్యానంతరం ఇళ్లలో కొయ్య పెట్టె స్థానాన్ని ఇనుప బీరువా ఆక్రమించింది. 1966 నాటి విశాఖ ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయిన తరువాత, 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఊరికి కొత్త గుర్తింపును ఇచ్చింది. అయితే ఆ కర్మాగారం ప్రధానంగా కడ్డీలు, తీగచుట్టలు, కోణపు దూలాల వంటి పొడవు సరుకును తయారుచేస్తుంది. బీరువాకు కావలసిన రేకు ఇతర ఊళ్ల నుంచి రావలసిందే. పునర్వినియోగం దృష్టితో మాత్రం ఉక్కుకు కలప మీద ఒక ఆధిక్యం ఉంది. కరిగిన ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టరు అనే పాత్రలో వేడిని అదుపు చేయడానికి తుక్కును వేస్తారు కనుక పాత బీరువా కొత్త ఉక్కుగా మారగలదు, ధాతువును కరిగించినప్పుడు మిగిలే స్లాగు అనే చిట్టెం కూడా సిమెంటు తయారీకి వెళుతుంది. అయితే ఆ మార్పుకు అపారమైన వేడి కావాలి, కలప దూలాన్ని బల్లగా మార్చడానికి రంపం, చిత్రిక చాలు.

పాత కలప లెక్క

1988 జాతీయ అటవీ విధానం అడవిని ఆదాయ వనరుగా కాక పర్యావరణ రక్షణగా చూడాలని చెప్పింది; 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు దేశవ్యాప్తంగా చెట్ల నరికివేతను, కోతమిల్లులను కట్టుదిట్టం చేశాయి. అడవి టేకు అరుదైపోగా, కూల్చిన ఇళ్ల దూలాలు, వాసాలు, ద్వారబంధాలు కలప అడితుల్లో విలువైన సరుకయ్యాయి. నిదానంగా పెరిగిన ముదురు టేకులోని నూనె, ఇసుక లాంటి సిలికా పురుగునూ తేమనూ అడ్డుకుంటాయి. చిన్న వయసులోనే నరికే తోట టేకులో ఈ గుణాలు అంతగా ఉండవు. ఉప్పుగాలి మేకులను తినేసి, తేమ పొట్టుపలకలను ఉబ్బించే విశాఖ వాతావరణంలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది.

పాత ఇంటి కలపను కొత్త ఇంటి గడపకు వాడకూడదన్న వాస్తు నమ్మకం తెలుగువారిలో చాలా ఇళ్లలో ఉంది. మంచానికి, బల్లకు, అలమారకు అదే కలపను వాడడానికి అంత అభ్యంతరం ఉండదు కనుక, ఆ నమ్మకం ఒక విధంగా పాత కలపను సామాను తయారీ వైపు నడిపిస్తుంది. అది సాధ్యం కావడానికి పూర్వపు వడ్రంగి పద్ధతి కూడా కారణం. ఒక చెక్క చివర సన్నగా చెక్కిన కుసిని మరో చెక్కలోని బెజ్జంలోకి దించి, అడ్డంగా కొయ్యమేకు కొట్టే కూర్పును ఎప్పుడైనా విప్పవచ్చు, కలప చిట్లదు. జిగురుతో అతికిన పొట్టుపలక సామానును విప్పితే మిగిలేది చెత్తే.

పాత కలపతో పని కొత్త కలపతో పని లాంటిది కాదు. కొత్త కలప విషయంలో బొమ్మ ముందు, కోత తరువాత. పాత కలప విషయంలో దొరికిన కొలతలే బొమ్మను నిర్ణయిస్తాయి. లోపల విరిగిన మేకులు రంపపు పళ్లను విరుస్తాయి కనుక ముందుగా వెతికి తీయాలి. చెదలు తిన్న భాగాన్ని తీసేశాక మిగిలిన నిడివికి తగ్గట్టు ముక్కలను జోడించాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. గృహాలంకరణ రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 భాగాలకు పరిమితం చేసిన నియమాలు దేశంలో 2016లోనే వచ్చాయి కనుక, అంతకు ముందటి తలుపుల రంగును పొడిగా రాపిడి చేయడం పనివాడి ఊపిరితిత్తులకు ముప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో అసంఖ్యాకంగా చెట్లను కూల్చినప్పుడు మరో ఇబ్బంది తెలిసివచ్చింది. కూలిన పచ్చి చెట్టు ఆరిన దూలం లాంటిది కాదు. దాన్ని కొద్ది వారాల్లో పలకలుగా కోసి, నీడలో పేర్చి, గాలి ఆడేలా ఆరబెట్టకపోతే బూజు, పురుగు పట్టి వంటచెరకుగానే మిగులుతుంది. తుపానుల తీరంలో కూలిన చెట్టును సామానుగా మార్చాలంటే కోతమిల్లు, ఆరబెట్టే స్థలం, చెట్టు జాతిని గుర్తించే మనిషి ముందుగానే సిద్ధంగా ఉండాలి.

పూర్వపు విశాఖ జిల్లాలో పదార్థాన్ని ఎంచుకునే తీరు మీదే నిలబడిన మరో పని ఏటికొప్పాక లక్క బొమ్మలది. వరాహనది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని రాపిడి వేడికి అంటిస్తారు. రసాయన రంగుల స్థానంలో గింజలు, ఆకులు, వేర్ల రంగులను మళ్లీ తెచ్చిన కృషికి సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. దంతం మీది నల్లగీతలకు వాడిన లక్క ఇక్కడ పిల్లల చేతి బొమ్మలకు పూత అయింది. దంతం పోయినా లక్క నిలిచింది. ఏటా కొమ్మల మీద మళ్లీ పండే పదార్థం కనుక నిలిచింది.

మూడు శతాబ్దాల ఈ చరిత్రను ఒకచోట పెట్టి చూస్తే, వస్తువు పర్యావరణానికి మేలు చేస్తుందా అన్నది మూడు వేరువేరు ప్రశ్నలుగా విడిపోతుంది. సరుకు వృథా కాకుండా వాడారా అన్నది మొదటిది. విశాఖ కంసాలులు దానికి 18వ శతాబ్దంలోనే సమాధానం ఇచ్చారు. చివరకు విప్పి మళ్లీ వాడుకునే వీలుందా అన్నది రెండోది. కుట్టు పడవా, కుసి కూర్పూ దానికి సమాధానాలు. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలమా అన్న మూడో ప్రశ్నకు దంతపు పని ఏనాడూ సమాధానం చెప్పలేదు. ఆ పని నిలవకపోవడానికి అదొక పెద్ద కారణం. పాత టేకుతో సామాను చేసేవారికి కూడా అదే పరీక్ష ఎదురవుతుంది. చిత్రిక పట్టి మెరుగు దిద్దిన తరువాత పాత దూలాన్నీ అడవిలో దొంగచాటుగా నరికిన దుంగనూ వేరుచేయడం కష్టం. 1970 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు కలపకు అనుమతి పత్రం ఉండాలంటాయి. దానికి తోడు, కూల్చిన ఇంటి ఆచూకీ, కూల్చిన తేదీ, దూలాల కొలతలు అడితి పుస్తకంలో నమోదై, ఆ వివరం సామానుతో పాటు కొనుగోలుదారు దాకా చేరే పద్ధతి ఏర్పడితేనే పాత కలప అన్న మాటకు విలువ ఉంటుంది. చేతి నేర్పు ఈ ఊరికి ఎప్పుడూ కొరత కాలేదు. ఇప్పుడు కావలసింది ఆ నేర్పుకు తోడుగా మూలం చెప్పగల లెక్కల పుస్తకం.